సార్వా కోతలయ్యాక ఎలుకలు పెరిగినట్టా, చోటు మారినట్టా? ఇంటి చుట్టూ లెక్క ఎలా పెట్టాలి

మురుగుకాలువ_గట్టు

పశ్చిమ గోదావరి డెల్టా. ఇల్లు ఊరికి అవతల, చేల మధ్యన. తూర్పున సార్వా (వానాకాలం పంట), దాళ్వా (రెండో పంట) రెండూ వేసే వరి. పడమర కొబ్బరి తోట. వెనక మురుగు కాలువ, దాని గట్టంతా తుమ్మ, తాటి, కంప. చుట్టూ తిరిగేవి పొలం ఎలుకలు, ముంగిసలు, జెర్రిపోతులు, తాచులు, అప్పుడప్పుడు బావురుపిల్లి. చీకటి పడ్డాక నక్కల కూత వినిపిస్తుంది. దగ్గర్లో పాడుబడ్డ రైసు మిల్లు ఉంది, అందులో తెల్ల గుడ్లగూబల జత.

సార్వా కోతలు అవగానే ఇంట్లో, గడ్డిమేటులో, కొబ్బరి మొవ్వుల్లో ఎలుకలు ఒక్కసారిగా ఎక్కువవుతాయి. సంక్రాంతి దాటాక తగ్గుతాయి. ఒక ఏడు జాడే ఉండదు, ఇంకో ఏడు దుబ్బుకి దుబ్బు కొట్టేస్తాయి. నాలుగేళ్ళకోసారి ఎలుకల ఏడు వస్తుందని ఊళ్ళో ఒక మాట ఉంది.

చంపడం గురించి అడగట్లేదు, గమనించడం గురించి. కోతల తర్వాత కనబడేవి నిజంగా పెరిగినవా, చేలోంచి ఇటు జరిగినవా? వారానికి గంటా రెండు గంటల్లో ఒక్క మనిషి చేయగలిగే లెక్క పద్ధతి ఏది? ఎలుకల్ని తినేవి ఎలుకల వెనకే పెరుగుతాయా, పెరిగితే ఎంత ఆలస్యంగా? ఆ నాలుగేళ్ళ మాటలో నిజమెంత?

చేనుగట్టు

పెరిగినవీ నిజమే, జరిగినవీ నిజమే. కాకపోతే రెండూ ఒకేసారి జరగవు. పెరగడం సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా నిలబడ్డ పైరులో గుట్టుగా అయిపోతుంది. కోత మిషన్ దిగిన వారంలో దాక్కునే చోటు పోయి అవే ఎలుకలు గట్ల మీదకీ గడ్డిమేటుకీ వస్తాయి. మీకు ఎక్కువైనట్టు కనబడే రోజుకి అసలు సంఖ్య తగ్గడం మొదలైపోయి ఉంటుంది. అందుకే "ఈ వారం ఎన్ని కనిపించాయి" అన్న లెక్క మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. బొరియల లెక్క పెట్టండి.

ముందు గట్టు పొడవు టేపుతో కొలిచి ఖాయం చేసుకోండి. మొత్తం 500 మీటర్లు చాలు: చేల మధ్య సన్న గట్లు 200, మురుగు కాలువ గట్టు 200, ఇంటి చుట్టూ, తోట అంచున కలిపి 100. ప్రతి 50 మీటర్లకీ వెదురు పుల్ల పాతి నంబరు వేయండి. 15 రోజులకోసారి సాయంత్రం 4, 5 గంటల మధ్య కనబడిన ప్రతి కన్నాన్నీ పారతో తడిమట్టి తీసి పైపైన మూసేయండి. గట్టిగా కూరొద్దు, చెయ్యి లోపల పెట్టొద్దు. పక్కనే ఒక పుల్ల గుచ్చండి. మర్నాడు ఉదయం 7 లోపు వెళ్ళి తెరుచుకున్నవి లెక్కపెట్టండి. అవే ఎలుక ఉన్న బొరియలు. ఒక బొరియకి నాలుగైదు దారులు ఉండొచ్చు కాబట్టి రెండు మూడు మీటర్ల లోపు గుంపుగా ఉన్న కన్నాలన్నీ ఒక్కటిగానే రాసుకోండి.

ఏది ఎవరిదో తెలియకపోతే లెక్కంతా గందరగోళం. డెల్టా చేలల్లో గట్లు తవ్వేది ముఖ్యంగా చిన్న పందికొక్కు. దాని కన్నం 6 నుంచి 8 సెంటీమీటర్ల వెడల్పు, ముందు పొడిపొడి మట్టి కుప్ప ఉంటుంది. పగలు అది తన దారిని తనే లోపల్నుంచి మట్టితో మూసుకుంటుంది. మూసి ఉంది కదా, ఎలుక లేదనుకుని వదిలేస్తే సగం లెక్క పోతుంది. కుప్ప తాజాగా, తడిగా ఉంటే ఎలుక లోపలున్నట్టే, దాన్నీ లెక్కలో వేసుకోండి. మెత్తబొచ్చు ఎలుక కన్నం చిన్నది, ముందు పెద్ద కుప్ప ఉండదు. చిట్టెలుకది రూపాయి బిళ్ళంత. నీటి మట్టానికి దగ్గరగా, చుట్టూ బురద ఉండలు పేర్చినట్టు ఉన్నవి పీత కన్నాలు, వాటిని వదిలేయండి. ఇంటి వెనక పెంటకుప్ప దగ్గర 10 సెంటీమీటర్లు దాటిన కన్నం ఉంటే అది పెద్ద పందికొక్కు, దానికి వేరే గడి పెట్టుకోండి.

చిన్న పందికొక్కు ఒంటరి జీవి. బొరియకి ఒక పెద్ద ఎలుక, లేదంటే పిల్లలతో తల్లి. కాబట్టి బొరియల సంఖ్య పెద్ద ఎలుకల సంఖ్యకి దగ్గరగా ఉంటుంది. ఇంత సులువుగా లెక్కకి దొరికే అడవి జంతువు మన చుట్టుపక్కల ఇంకొకటి లేదు.

రాత్రి వాన పడితే ఆ లెక్క కొట్టేసి రెండు రోజులాగి మళ్ళీ చేయండి. ప్రతి లెక్క పక్కన పైరు దశ రాయడం మరవొద్దు. నాట్లు, పిలకలు, చిరుపొట్ట (లోపల వెన్ను కట్టడం), ఈనిక (వెన్ను బయటికి రావడం), పాలు పోసుకోవడం, కోత. తారీఖు కన్నా అదే ముఖ్యం, ఎందుకో పిలకల లెక్క గారు చెబుతారు.

పిలకల_లెక్క

చెప్పించేదాకా వదలరు కదా.

పొలం ఎలుక కేలండరు చూసి ఈనదు, పైరు చూసి ఈనుతుంది. చిరుపొట్ట దశలో మెత్తటి పిలకలు, ఆ తర్వాత పాలగింజలు దొరకడం మొదలయ్యాకే ఆడ ఎలుకలు పెద్ద ఎత్తున కడుపుతో ఉంటాయి. మూడు వారాలకి కాస్త పైన కడుపు, ఈతకి సగటున 6 నుంచి 8 పిల్లలు, ఈనిన వెంటనే మళ్ళీ చూలు కట్టగలవు. పిల్ల ఈతకి రావడానికి సుమారు మూడు నెలలు.

దీన్ని పైరు మీద పరచండి. చిరుపొట్ట నుంచి కోత దాకా రెండు నెలలు. అంటే ఒక్క చేను, ఒక్క రకం, ఒక్కసారి నాటితే తల్లికి రెండు ఈతలకి మించి సమయం లేదు. మొదటి ఈత పిల్లలు ఈనే వయసుకి రాకముందే కోత అయిపోతుంది. అదే ఆయకట్టులో ఒకరు జూలై మొదట్లో, ఇంకొకరు ఆగస్టు చివర్లో నాటారనుకోండి. ముందు చేను కోసేసరికి పక్క చేను పాలు పోసుకుంటూ ఉంటుంది. ఎలుక గట్టు దాటితే చాలు, మరో నెలన్నర మేత. మూడో ఈతకి వీలు దొరుకుతుంది, మొదటి ఈత పిల్లలు కూడా తల్లులవుతాయి. ఎలుకల ఏడుకీ, లేని ఏడుకీ తేడా ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. కాలువ నీళ్ళు ఎప్పుడొచ్చాయి, చివరి భూములకి ఎప్పుడు అందాయి, నాట్లు ఎన్ని వారాలు సాగాయి, ఈ మూడూ మీ పుస్తకంలో ఉండాలి.

ఎలుకల సంఖ్యని దించేసేవి మూడు. ఒకటి, ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య చేలు రెండు మూడు రోజులు మునగడం. బొరియల్లో పిల్లలు పోతాయి, పెద్దవి ఎత్తు గట్టుకి చేరతాయి. రెండు, ఏప్రిల్‌లో దాళ్వా కోతయ్యాక కాలువలు కట్టేసిన ఎండాకాలం. మూడు, జూన్ తొలి వానలు. ఏడాదిలో అన్నిటికన్నా తక్కువ సంఖ్య మే చివర, జూన్ మొదట్లో వస్తుంది. అప్పుడు మిగిలినవి ఉండేది మురుగు కాలువ గట్టు మీద, తోటల్లో, ఇళ్ళ దగ్గర. మీ 200 మీటర్ల మురుగు గట్టు మీద మే నెల లెక్క వచ్చే సార్వాకి విత్తనం లాంటిది. ఏడాది మొత్తంలో ఒక్కసారే లెక్కపెట్టే తీరిక ఉందంటే ఆ లెక్కే పెట్టమంటాను.

నాలుగేళ్ళ మాటకి వస్తే, ఉత్తర ధ్రువం దగ్గర లెమ్మింగులనే ఎలుకలాంటి చిన్న జంతువులకి మూడు నాలుగేళ్ళ చక్రం ఉంది. కెనడా అడవుల్లో కుందేళ్ళకీ వాటిని తినే లింక్స్ పిల్లులకీ పదేళ్ళకి అటూ ఇటూ చక్రం ఉంది. మన దేశంలో మిజోరంలో ఒక జాతి వెదురు 48 ఏళ్ళకోసారి పూసి గింజ రాలుస్తుంది, దాన్ని తిని ఎలుకలు విరగబడతాయి. 1958-59లో, మళ్ళీ 2006-07లో అదే జరిగింది. మొదటిసారి కరువే తెచ్చింది. అవి నిజమైన చక్రాలు. మన డెల్టాలో ఏటా రెండు పంటలు, ఎలుకల సంఖ్యకి రెండు ఎత్తులు, రెండు పల్లాలు. ఆ ఎత్తు ఎంత అన్నది నీళ్ళు, వరదలు, నాట్లు తేలుస్తాయి. రెండు చెడ్డ ఏళ్ళ మధ్య నాలుగేళ్ళు వచ్చినంత మాత్రాన అది చక్రం అవదు. కనీసం మూడు నాలుగు ఎత్తులు అదే ఎడంతో రావాలి, అంటే పన్నెండేళ్ళకి తక్కువ కాకుండా రాత ఉండాలి.

రాత్రిపిట్ట

రైసు మిల్లులో గుడ్లగూబల జత ఉందన్నారు, మీ అదృష్టం. ఆ పక్షి మీ తరఫున రాత్రంతా సర్వే చేసి ఫలితాన్ని ఉండ చుట్టి కింద పడేస్తుంది.

తెల్ల గుడ్లగూబ ఎలుకని దాదాపు మొత్తంగా మింగి, అరగని వెంట్రుకలు, ఎముకలు ఉండగా కక్కుతుంది. రోజుకి ఒకటో రెండో. తాజా ఉండ నల్లగా, మెరుస్తూ, బొటనవేలంత ఉంటుంది. పాతబడితే బూడిద రంగులోకి మారి పొడిపొడి అవుతుంది. నెలకోసారి, పగటిపూట, పక్షి కూర్చునే దూలం కింద ఉన్నవన్నీ ఏరి, చోటు ఊడ్చి శుభ్రం చేసి రండి. ఊడవకపోతే వచ్చే నెల ఏవి కొత్తవో తేలదు. చేతికి తొడుగు, ముక్కుకి గుడ్డ తప్పనిసరి. గుడ్లు, పిల్లలు ఉన్నప్పుడు గూడు ఛాయలకి వెళ్ళకండి. పిల్లలు పాము బుస కొట్టినట్టు చప్పుడు చేస్తాయి, జనం పామనుకుని గూడు పీకేస్తుంటారు.

ఉండని గోరువెచ్చని నీళ్ళలో గంట నానబెట్టి, పళ్ళెంలో పట్టకారుతో విప్పండి. పుర్రెలు లెక్కపెట్టండి. పగిలిపోయి ఉంటే కింది దవడలు తీసి ఎడమవీ కుడివీ వేరుచేసి, ఏవి ఎక్కువుంటే ఆ సంఖ్య వేసుకోండి. ముందు రెండు ఉలి పళ్ళు, వాటి వెనక పెద్ద ఖాళీ, ఆపైన దవడ పళ్ళు ఉంటే ఎలుక జాతి. ఖాళీ లేకుండా వరసగా సూది పళ్ళుంటే చుంచు. రెండు సెంటీమీటర్ల పుర్రె చిట్టెలుకది. నాలుగుకి దగ్గరపడితే ఎదిగిన పందికొక్కు, కానీ అంత పెద్దది తక్కువ దొరుకుతుంది. గుడ్లగూబ ఎక్కువగా పట్టేది పిల్ల పందికొక్కుల్ని.

అందుకే ఈ లెక్కని బొరియల లెక్కకి బదులుగా వాడకండి, పక్కన పెట్టి చూడండి. పిల్ల పందికొక్కుల పుర్రెలు ఒక్కసారిగా ఎక్కువైతే చేలో ఈతలు మొదలై నెల దాటిందని అర్థం. ఎలుకలు తగ్గి చుంచుల వాటా పెరిగితే చేలో ఎలుక పలచబడిందని.

ఆలస్యం ఎంత అన్నారు కదా. గుడ్లగూబ రెండు మూడు రోజుల ఎడంతో ఒక్కో గుడ్డు పెడుతుంది, సాధారణంగా నాలుగు నుంచి ఏడు. మొదటి గుడ్డు పెట్టగానే పొదుగుతుంది కాబట్టి పెద్ద పిల్లకీ చిన్న పిల్లకీ రెండు వారాల తేడా ఉండొచ్చు. ఎలుక తక్కువైతే చిన్నవి బతకవు. దండిగా ఉంటే అన్నీ ఎగురుతాయి, ఆ ఏడు రెండోసారి కూడా గుడ్లు పెడుతుంది. పొదగడం నెల, ఎగరడానికి మరో రెండు నెలలు. అంటే ఎలుకల ఎత్తుకీ గుడ్లగూబ పిల్లల ఎత్తుకీ మధ్య కనీసం మూడు నెలలు. సాయంత్రం మిల్లుకి 50 మీటర్ల దూరంలో కూర్చుని బైనాక్యులర్‌తో బయటికొచ్చే పిల్లల్ని లెక్కపెడితే చాలు.

అంతకన్నా తొందరగా స్పందించేది నల్లరెక్కల గద్ద. తెల్లటి ఒళ్ళు, భుజాల మీద నల్లమచ్చ, ఎర్ర కళ్ళు, గాల్లో ఒక్కచోట రెక్కలాడిస్తూ నిలబడుతుంది. ఇది పుట్టి పెరగడం కోసం ఆగదు, ఎలుకలున్న చోటికి వలస వచ్చేస్తుంది. కరెంటు తీగల వెంట రెండు కిలోమీటర్లు బండి మీద ఒకే వేగంతో, ఒకే వేళకి వెళ్ళి లెక్కపెట్టండి.

అడుగుజాడ

ముంగిస, బావురుపిల్లి, నక్కలకి బొరియ లెక్క లేదు, ఉండ లెక్క లేదు. రెండు దార్లు.

చౌకది ఇసక మడి. జంతువులు నడిచే కాలిబాట మీద మీటరు చదరంలో జల్లించిన సన్న ఇసక వేలి మందాన పరిచి, చదును చేసి, కొద్దిగా నీళ్ళు చిలకరించండి. సాయంత్రం పరిచి తెల్లారగానే చూడాలి, ఎండ ఎక్కితే అంచులు రాలిపోతాయి. ఐదు వేళ్ళు, ముందు పొడుగు గోళ్ళ గుర్తులు ఉంటే ముంగిస. అది పగటి జంతువు, కాబట్టి దానికోసం ఉదయం పరిచి సాయంత్రం చూడాలి. నాలుగు వేళ్ళు, గోరు పడకుండా గుండ్రంగా ఉంటే పిల్లి జాతి. ఊరి పిల్లిది మూడు సెంటీమీటర్లు, బావురుపిల్లిది అంతకు మించి ఉంటుంది, కానీ కొలతలు కలిసిపోతాయి, అనుమానం ఉంటే "పిల్లి" అని రాసి వదిలేయండి. నాలుగు వేళ్ళు, గోళ్ళు, పొడుగాటి అడుగు ఉంటే నక్కో కుక్కో. కుక్కలు తిరిగే బాట మీద ఈ తేడా తేల్చే ప్రయత్నమే వద్దు.

రెండోది కదలిక కనబడితే తనంతట తనే ఫొటో తీసే ఆటోమేటిక్ కెమెరా. నేల నుంచి 30, 40 సెంటీమీటర్ల ఎత్తులో, బాటకి అడ్డంగా కాకుండా కొంచెం ఏటవాలుగా కట్టండి. ముఖం ఉత్తరానికో దక్షిణానికో ఉండాలి. తూర్పు పడమర పెడితే ఎండ పడి ఖాళీ ఫొటోలతో కార్డు నిండిపోతుంది. ముందు మూడు మీటర్లు గడ్డి కోసేయండి, ఊగే గడ్డిపరక కూడా కెమెరాని లేపుతుంది. వానాకాలం లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం పెట్టండి, తాడు కట్టిన చోట వేప నూనె రాస్తే చీమలు తగ్గుతాయి. పక్కవాళ్ళ చేను, ఆడవాళ్ళు నడిచే దారి ఫ్రేములో పడకూడదు. ఈ మాట ఒకరు చెప్పేదాకా ఎవరికీ గుర్తురాదు.

ఒకే జాతి ఫొటోలు అరగంట లోపు వస్తే ఒక్కటిగా లెక్క. నెల చివర దాన్ని 100 కెమెరా రాత్రులకి మార్చండి. 25 రాత్రుల్లో బావురుపిల్లి 3 సార్లు వస్తే 100కి 12. బ్యాటరీ చచ్చిన రాత్రులు తీసేయాలి. కెమెరాని ఎక్కువ వచ్చే చోటికి మారిస్తే లెక్క మొదటికొస్తుంది, దొరకకపోయినా అక్కడే ఉంచండి.

ముంగిస ఎలుకల వెంట పెరుగుతుందని ఆశపడొద్దు. పురుగులు, కప్పలు, పీతలు, గుడ్లు అన్నీ తింటుంది. బావురుపిల్లి ముఖ్యంగా ఎలుకల మీదే బతుకుతుంది, అది కాస్త పనికొచ్చే సూచిక. నక్క ఏడాదికోసారే ఈనుతుంది, పళ్ళు కూడా తింటుంది, పైగా ఊరకుక్కల నుంచి డిస్టెంపర్ జబ్బు అంటుకుంటే ఎలుకలతో నిమిత్తం లేకుండా కూత ఆగిపోతుంది.

నల్లరేగడి_కర్నూలు

డెల్టా లెక్క మా వైపు పనిచేయదు, చదివేవాళ్ళు ఎవరైనా మెట్ట నుంచి ఉంటే గమనించండి. ఇక్కడ మెత్తబొచ్చు ఎలుక రేగడి పగుళ్ళలో ఉంటుంది, బొరియ కనబడదు. పెద్ద వానకి పగుళ్ళు మూసుకుంటే చాలా పోతాయి. మాకు బోను లెక్కే దిక్కు: 20 బోనులు, 10 మీటర్ల ఎడం, వేరుశనగ గింజ ఎర, వరసగా మూడు రాత్రులు, 100 బోను రాత్రులకి ఎన్ని పడ్డాయో. ఉదయం ఎండ ఎక్కకముందే తీయాలి.

మురుగుకాలువ_గట్టు

చాలా తెలిసింది. ఇంకో రెండు. చుట్టుపక్కల రైతులు బ్రోమడయోలోన్ అనే ఎలుకల మందు పెడతారు, లెక్క చెడుతుందా? మిల్లులో పక్షులకి ముప్పా? జూన్, జూలైలో పాము పిల్లలు ఎక్కువ కనబడటం ఎలుకల వల్లేనా?

పిలకల_లెక్క

మందు పెట్టిన తారీఖు, ఎంత మేర పెట్టారో రాసుకుంటే లెక్క చెడదు, ఇంకా పనికొస్తుంది. మామూలుగా 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు 0.25 శాతం బ్రోమడయోలోన్ పొడి కలిపి, 15 గ్రాముల పొట్లం బొరియలో వేస్తారు. ఒకే రైతు రెండు ఎకరాలకి పెడితే పది రోజుల్లో బొరియల లెక్క పడిపోయి, నెల తిరక్కుండా పక్క గట్ల నుంచి ఎలుకలు వచ్చి నిండుతాయి. ఊరంతా కలిసి నాట్లయ్యాక, చిరుపొట్టకి ముందు పెడితేనే ఆ పంట మొత్తానికి ఎత్తు తగ్గుతుంది. ఈనిక తర్వాత చేనంతా గింజే, నూకల్ని ఎలుక ముట్టదు. ఖర్చు దండగ.

పక్షులకి ముప్పు ఉంది. తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మందగించి తిరుగుతుంది, గుడ్లగూబకి సులువుగా దొరికేది అదే. మందు గుడ్లగూబ కాలేయంలో పేరుకుంటుంది. పొట్లం బొరియ లోపలికి తోసి మూయడం, నాలుగో రోజు నుంచి గట్లమీద చచ్చిన ఎలుకల్ని ఏరి లోతుగా పూడ్చడం కనీసం చేయాలని మీ పక్క రైతులకి చెప్పండి. మిల్లు చుట్టూ ఉన్న చేలకి ఎలుక బుట్టలు, బొరియలోకి పొగ పట్టే పొగ కుండ వాడమనండి.

గూడు పెట్టెలు పెడితే ఎలుకలు పోతాయని ఎవరో ఒకరు మొదలెడతారు కాబట్టి ముందే అంటాను: ఎత్తు మీదున్న ఎలుకల్ని గుడ్లగూబలు దించలేవు, ఎలుకలు పెరిగే వేగం అంత. తక్కువున్నప్పుడు మళ్ళీ లేవకుండా ఆలస్యం చేయగలవు. పెట్టె పెట్టేదుంటే 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు, 15 సెంటీమీటర్ల చదరపు దారి, నేలకి 4 మీటర్ల పైన, దారి పడమటి ఎండకి, వానజల్లుకి ఎదురు కాకుండా.

రాత్రిపిట్ట

పాము పిల్లల సంగతి. తాచు, జెర్రిపోతు ఎండల్లో గుడ్లు పెడతాయి, పిల్లలు తొలకరి వేళకి బయటికొస్తాయి. రక్తపింజర పిల్లల్నే కంటుంది, అదీ దాదాపు అదే కాలం. కాబట్టి జూన్, జూలైలో పాము పిల్లలు ఏ ఏడైనా కనబడతాయి. ఎలుకల ఏటి లాభం పాముల్లో కనబడాలంటే ఆ పిల్లలు ఎదగాలి, ఏళ్ళు పడుతుంది. నీరుకట్టె పాముల్ని ఈ లెక్కలో కలపకండి, వాటిది కప్పలు, చేపల లెక్క.

బొరియలు మూసే పనికి మోకాలి దాకా బూట్లు, పొడవాటి కర్ర, చీకటి పడితే టార్చి లేకుండా వెళ్ళొద్దు. ఎలుక పోయిన బొరియలో తాచు ఉంటుంది. చేతి మీద కోత ఉంటే ఆ రోజు తడిమట్టి పని మానేయండి, ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం అంటుతుంది. కాటు పడితే కట్లు బిగించకుండా, కోయకుండా, కదలనీయకుండా 108కి చెప్పి పాము మందు ఉన్న ఆసుపత్రికి.

చేనుగట్టు

పుస్తకంలో గడులు ఇలా గీసుకోండి: తారీఖు, పైరు దశ, సన్న గట్ల బొరియలు, మురుగు గట్టు బొరియలు, ఇంటి చుట్టూ బొరియలు, గద్దలు, ఉండల్లో పుర్రెలు జాతి వారీగా, 100 రాత్రులకి పిల్లి, వాన, ముంపు, మందు. మూడు గట్లనీ ఎప్పుడూ కలిపి కూడొద్దు. నవంబరు చివర సన్న గట్ల అంకె పడిపోతూ ఇంటి చుట్టూ అంకె లేస్తే, మొత్తం మారకపోతే, మీ మొదటి ప్రశ్నకి జవాబు ఆ మూడు గడుల్లోనే దొరుకుతుంది. సున్నా వచ్చిన రోజు సున్నా అని రాయండి. ఖాళీ వదిలితే వచ్చే ఏడు అది చూడని రోజో, లేని రోజో మీకే తెలియదు.